వలస చట్టాల లెక్కలో కుటుంబం ఎక్కడుంది: కడప నుంచి అమెరికా, కువైట్ దాకా

ఉమ్మడి కడప జిల్లా నుంచి బయటి దేశాలకు వెళ్లే దారులు ప్రధానంగా రెండు. రాజంపేట, పుల్లంపేట, రైల్వేకోడూరు, రాయచోటి ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా కువైట్‌కు వలస సాగుతోంది. డ్రైవర్లుగా, వంటవారుగా, తోటపనివారుగా మగవాళ్లు, ఇళ్లలో పనికి ఆడవాళ్లు అక్కడికి వెళ్తున్నారు. ప్రొద్దుటూరు, కడప, పులివెందుల వైపు నుంచి ఇంజనీరింగ్ పూర్తిచేసిన యువతీయువకులు ఎంఎస్ చదువుకని అమెరికా వెళ్లి, అక్కడే ఉద్యోగాల్లో కుదురుకుంటున్నారు. మొదటిదాన్ని కరవు వలస అనీ, రెండోదాన్ని చదువు వలస అనీ విడదీసి మాట్లాడడం మనకు అలవాటైంది. ఒకదాని గురించి జాలిగా, మరొకదాని గురించి గర్వంగా మాట్లాడతాం. అయితే రెండు రకాల ఇళ్లలోనూ ఉన్న లోటు ఒకటే. ఒక ఇంట్లో తల్లి కువైట్‌లో ఉంటే బిడ్డలు అవ్వ దగ్గర పెరుగుతున్నారు. మరో ఇంట్లో కొడుకూ కోడలూ మనవలూ అమెరికాలో ఉంటే వృద్ధ దంపతులు ఇక్కడ ఒంటరిగా మిగిలారు.

ఈ ఎడబాటుకు దూరమే కారణమని మనం సర్దిచెప్పుకుంటాం. కానీ విమాన టికెట్టు కొనగల స్తోమత ఉన్నవాడు కూడా తండ్రి అంత్యక్రియలకు రాలేకపోతున్నాడు. భార్యాబిడ్డలను పోషించగల డ్రైవరు కూడా వాళ్లను తన దగ్గరికి పిలిపించుకోలేకపోతున్నాడు. అంటే అడ్డం చట్టంలో ఉంది, అదీ ఫలానా సెక్షనులో, ఫలానా అంకెలో, ఫలానా జీతం పరిమితిలో ఉంది. కుటుంబాలను కలిపి ఉంచాలని అమెరికాలో జరుగుతున్న ఉద్యమాలనైనా, గల్ఫ్ కార్మికుల కోసం ఇక్కడ వినిపిస్తున్న డిమాండ్లనైనా అర్థం చేసుకోవాలంటే, ముందుగా ఆ అంకెల దగ్గరికే వెళ్లాలి. పని చేసే మనిషి కావాలి గానీ ఆ మనిషి వెంట వచ్చే కుటుంబం అక్కర్లేదన్న ఆలోచన ఈ చట్టాలన్నిటికీ మూలంలో ఉందని నా అభిప్రాయం. అది ఏ దేశంలో ఏ రూపం తీసుకుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికా: అంకెల చట్టం

అమెరికా వలస చట్టంలో కుటుంబానికి చోటు లేదనడం సరికాదు. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు ఇచ్చే పాత పద్ధతిని 1965లో రద్దు చేసినప్పుడు, కొత్త విధానానికి కుటుంబ బంధాన్నే ప్రధాన ఆధారంగా తీసుకున్నారు. ఇప్పటికీ అమెరికా పౌరుల భార్య లేదా భర్తకు, 21 ఏళ్లలోపు వయసుండి పెళ్లికాని పిల్లలకు, పౌరుడికి 21 ఏళ్లు నిండి ఉంటే అతని తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు ఇవ్వడంలో సంఖ్యాపరిమితి లేదు. చిక్కంతా ఆ వలయానికి బయట ఉన్నవారిది. పౌరుల పెద్ద పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, గ్రీన్‌కార్డుదారుల భార్యాబిడ్డలు వరుసలో నిలబడాలి. 1990లో సవరించిన చట్టం ప్రకారం ఈ కుటుంబ తరగతులన్నిటికీ కలిపి ఏడాదికి కనీసం 2,26,000 వీసాలు, ఉద్యోగం ఆధారంగా వచ్చేవారికి సుమారు 1,40,000 వీసాలు కేటాయించారు. ఆ తరవాత అమెరికా ఆర్థిక వ్యవస్థ ఎంతో పెరిగింది, కంప్యూటరు పరిశ్రమ రూపురేఖలు మారిపోయాయి, ఈ అంకెలు మాత్రం అక్కడే ఉన్నాయి.

దీనికి తోడు ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఈ మొత్తంలో 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం ఉంది. ఇక్కడ లెక్కకు తీసుకునేది పౌరసత్వాన్ని కాకుండా పుట్టిన దేశాన్ని. కొన్ని లక్షల జనాభా ఉన్న ఐస్‌లాండ్‌కూ, నూటనలభై కోట్లు దాటిన భారతదేశానికీ ఒకే పైకప్పు. ప్రొద్దుటూరు ఇంజనీర్లలో ఎక్కువమంది దరఖాస్తు చేసే, ఉన్నత చదువులు చదివిన ఉద్యోగులకు ఉద్దేశించిన ఈబీ-2 తరగతికి ప్రపంచం మొత్తానికి ఏటా ఉండేవి దాదాపు 40,000 వీసాలు. అందులో 7 శాతం అంటే సుమారు 2,800. ఇతర దేశాలవారు వాడుకోగా మిగిలినవి వస్తే ఈ సంఖ్య కొంత పెరుగుతుంది. మరోవైపు హెచ్-1బి అనే తాత్కాలిక ఉద్యోగ వీసాలు పొందేవారిలో మూడింట రెండు వంతులకు పైగా భారతీయులే. తాత్కాలికంగా పనిలోకి తీసుకునే తలుపు వెడల్పుగా ఉండి, స్థిరపడనిచ్చే తలుపు ఇరుకుగా ఉన్నందువల్లే ఈ వరుస తయారైంది. 2025లో అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా ప్రకటించే వీసా బులెటిన్‌లో భారతీయుల ఈబీ-2 వరుస ఇంకా 2013 నాటి దరఖాస్తుల దగ్గరే తచ్చాడింది. ఈ మధ్య చేరినవారి వంతు వారి జీవితకాలంలో రాకపోవచ్చు.

ఇక్కడే చాలామందికి తెలియని ఒక మడత ఉంది. ఉద్యోగ వీసాలు 1,40,000 అన్నప్పుడు అవి ఉద్యోగులకే అని అనుకుంటాం. నిజానికి ఉద్యోగి భార్య లేదా భర్తకు ఒకటి, ఒక్కొక్క బిడ్డకు ఒకటి చొప్పున అదే కోటాలోంచి తీసేస్తారు. నలుగురున్న ఇల్లు నాలుగు అంకెలు తింటుంది. ఈ కోటాలో సగానికి పైగా కుటుంబ సభ్యులకే ఖర్చవుతోంది. మన రేషన్ కార్డులో మనిషి చేరితే ఇంటికి వచ్చే బియ్యం పెరుగుతాయి, అక్కడి లెక్కలో మనిషి చేరితే వెనక నిలబడినవారి వంతు తరుగుతుంది. కుటుంబాన్ని వెంట తెచ్చుకునే హక్కు ఇచ్చినట్టే ఇచ్చి, దాని భారాన్ని తోటి దరఖాస్తుదారుల మీదికి నెట్టిన ఏర్పాటు ఇది. భార్యాబిడ్డలను కోటాలో లెక్కించకూడదన్న ఒక్క సవరణ జరిగితే, దేశ పరిమితిని ముట్టుకోకుండానే వరుస వేగం దాదాపు రెట్టింపవుతుంది. ఈ డిమాండు గురించి మన తెలుగు చర్చల్లో చాలా తక్కువగా వినిపిస్తుంది, అందరి దృష్టీ 7 శాతం మీదే ఉంటుంది.

ఒకే ఇంట్లో అక్క, తమ్ముడు

ఈ ఆలస్యం కుటుంబాన్ని ఎలా చీలుస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ప్రొద్దుటూరులో పుట్టి నాలుగో ఏట తల్లిదండ్రుల వెంట అమెరికా వెళ్లిన ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఆమె తమ్ముడు అక్కడే పుట్టాడు కాబట్టి పుట్టుకతోనే అమెరికా పౌరుడు. ఇద్దరూ ఒకే బడికి వెళ్లారు, ఒకే యాసలో ఇంగ్లీషు మాట్లాడతారు, ఇద్దరికీ తెలుగు చదవడం అంతంతమాత్రమే. అక్క ఆ దేశంలో ఉండగలుగుతున్నది తండ్రి హెచ్-1బికి అనుబంధంగా వచ్చిన హెచ్-4 వీసా వల్ల. తండ్రి గ్రీన్‌కార్డు వంతు వచ్చేలోపు ఆమెకు 21 ఏళ్లు నిండితే చట్టం దృష్టిలో ఆమె ఇక బిడ్డ కాదు. హెచ్-4 పోతుంది, తండ్రి దరఖాస్తులో ఆమె పేరూ పోతుంది. విదేశీ విద్యార్థినిగా ఎఫ్-1 వీసాకు మారి, తానే మళ్లీ మొదటి నుంచి వరుసలో చేరాలి. కుదరకపోతే తనకు గుర్తుకూడా లేని ఊరికి తిరిగి రావాలి.

ఆ తరవాత జరిగేది మరీ విడ్డూరం. తమ్ముడికి 21 ఏళ్లు నిండగానే అతను తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు కోసం దరఖాస్తు చేయవచ్చు, దానికి కోటా లేదు. కానీ అక్క కోసం దరఖాస్తు చేస్తే అది తోబుట్టువుల తరగతిలోకి, అంటే ఎఫ్-4 వరుసలోకి వెళ్తుంది. ఏడాదికి ప్రపంచం మొత్తానికి 65,000 వీసాలున్న ఆ తరగతిలో, భారతీయులకు 2025లో కూడా 2006 నాటి దరఖాస్తులే పరిశీలనకు వచ్చాయి. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరి తలుపు పుట్టుకతోనే తెరిచి ఉంది, మరొకరి తలుపు తెరుచుకునేసరికి ఆమె నడివయసు దాటుతుంది.

ఈ సమస్య కొత్తగా బయటపడిందేమీ కాదు. ప్రభుత్వం చేసే ఆలస్యానికి పిల్లలు బలికాకూడదని 2002లోనే చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ తెచ్చారు. పిటిషన్ పరిశీలనలో గడిచిన కాలాన్ని బిడ్డ వయసులోంచి తీసివేసి లెక్కించడం దాని పద్ధతి. అయితే ఆ పరిశీలనకు నెలలు పడితే, కోటా వరుసలో పట్టే కాలం దశాబ్దాలు. ఆ దశాబ్దాలను తీసివేయడానికి ఈ చట్టం ఒప్పుకోదు. వయసును ఏ తేదీ దగ్గర ఆపాలన్న విషయంలో 2023 ఫిబ్రవరిలో అమెరికా వలస విభాగం కొంత ఉదారమైన వ్యాఖ్యానం ఇచ్చింది. వీసా బులెటిన్‌లోని రెండు పట్టికల్లో వంతు ముందుగా వచ్చేదాన్ని, అంటే గ్రీన్‌కార్డుకు దరఖాస్తు ఎప్పుడు దాఖలు చేయవచ్చో చెప్పే పట్టికను లెక్కకు తీసుకోవచ్చని చెప్పడంతో కొందరు పిల్లలు గట్టెక్కారు. 2025 ఆగస్టు 15 నుంచి దాన్ని వెనక్కి తీసుకుని, గ్రీన్‌కార్డు ఎప్పుడు ఇవ్వవచ్చో చెప్పే తుది తేదీల పట్టికనే ప్రమాణం చేశారు. ఒక పట్టిక నుంచి మరో పట్టికకు మారడమంటే ఆఫీసు వ్యవహారంగా కనిపిస్తుంది, కానీ ఆ రెండు పట్టికల మధ్య తేడాలో పడిపోయే పిల్లలున్నారు. పాలనాపరమైన ఊరటను ఎంత తేలిగ్గా ఇవ్వవచ్చో అంత తేలిగ్గానూ తీసేయవచ్చని, శాశ్వత రక్షణ అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ చేసే చట్టంతోనే వస్తుందని దీన్నిబట్టి తెలుస్తోంది.

హెచ్-4పై ఉన్న భార్యల పరిస్థితి కూడా ఇలాంటిదే. గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఒక దశ దాటిన ఉద్యోగుల జీవిత భాగస్వాములకు 2015 మే నుంచి పనిచేసే అనుమతి ఇస్తున్నారు. ఆ నియమాన్ని కొట్టివేయాలని ఏళ్లతరబడి సాగిన దావాను విచారించడానికి 2025 అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు నిరాకరించింది కనుక నియమం నిలిచింది. అదే నెలాఖరున, రెన్యువల్ కోసం ఎదురుచూస్తున్న కాలంలో పని అనుమతి దానంతటదే పొడిగింపయ్యే సదుపాయాన్ని మాత్రం ఎత్తివేశారు. ఎంటెక్ చదివిన కోడలు కాగితం రాక ఇంట్లో కూర్చోవలసి వస్తే, ఆ ఇంటిమీద పడే ఒత్తిడి జీతం నష్టంతో ఆగదు.

ఇక ఇక్కడ మిగిలిన తల్లిదండ్రుల సంగతి. హెచ్-1బి మీద ఉన్నవారికి గానీ, గ్రీన్‌కార్డు వచ్చినవారికి గానీ తల్లిదండ్రులను శాశ్వతంగా పిలిపించుకునే హక్కు లేదు. పౌరసత్వం వచ్చాకే ఆ అవకాశం ఉంటుంది. వరుస ముప్పై ఏళ్లు సాగితే తల్లిదండ్రులకు అంత ఆయుష్షు ఉంటుందా అన్న ప్రశ్న చట్టం వేసుకోలేదు. పర్యాటక వీసాపై ఆర్నెల్లు వెళ్లి, మనవడిని ఎత్తుకుని తిరిగి రావడమే మిగిలింది. కొడుకు రావడమూ అంత తేలిక కాదు. పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు తీరినవారు స్వదేశానికి వస్తే తిరిగి వెళ్లేముందు కాన్సులేట్‌లో కొత్త ముద్ర వేయించుకోవాలి. 2025 డిసెంబరులో సోషల్ మీడియా ఖాతాల పరిశీలన పేరిట హెచ్-1బి, హెచ్-4 ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడినప్పుడు, సెలవుకని వచ్చినవారు ఇక్కడే చిక్కుకుపోయారు. భార్యాబిడ్డలు అక్కడ, భర్త ఇక్కడ. ఇలాంటి కబురు విన్న మరో కొడుకు తండ్రి ఆస్పత్రిలో ఉన్నాడని తెలిసినా టికెట్టు కొనడానికి వెనకాడితే, అతణ్ని తప్పుపట్టే ముందు మనం కాస్త ఆలోచించాలి.

ఉద్యమం ఎక్కడ గెలిచింది, ఎక్కడ ఆగింది

అమెరికా పత్రికల్లో కుటుంబాలను కలిపి ఉంచాలన్న నినాదం వినిపించినప్పుడు, అది ఎక్కువగా మెక్సికో సరిహద్దు కుటుంబాల గురించే ఉంటుంది. 2018లో జీరో టాలరెన్స్ పేరిట సరిహద్దు దాటినవారిపై క్రిమినల్ కేసులు పెట్టి, వేలాది పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేశారు. దేశవ్యాప్తంగా నిరసనలు, కోర్టు ఉత్తర్వులు వచ్చాక అది ఆగింది. 1996 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా 180 రోజులు దాటి ఉండి వెళ్లినవారు మూడేళ్లు, ఏడాది దాటి ఉండి వెళ్లినవారు పదేళ్లు తిరిగి రాకూడదు. అనుమతి లేకుండా సరిహద్దు దాటి వచ్చి, అమెరికా పౌరులను పెళ్లాడినవారు సక్రమం కావాలంటే సాధారణంగా ముందు దేశం విడిచి వెళ్లాలి, వెళ్తే పదేళ్ల నిషేధం మెడకు చుట్టుకుంటుంది. వీరికోసం 2024 జూన్‌లో ప్రకటించిన ప్రత్యేక పథకాన్ని అదే ఏడాది నవంబరులో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టివేసింది.

అది మన సమస్య కాదని, మనం సక్రమంగా వరుసలో నిలబడ్డవాళ్లమని తెలుగువారిలో చాలామంది అంటారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను. అక్కడ కాగితాల్లేక తల్లి నుంచి వేరైన బిడ్డనూ, కాగితాలన్నీ ఉండి 21వ పుట్టినరోజున వేరయ్యే బిడ్డనూ విడదీసేది ఒకే ఆలోచనా విధానం. పైగా ఏ వర్గానికి ఆ వర్గం విడివిడిగా పోరాడినప్పుడు ఏం జరిగిందో గత దశాబ్దం చూపించింది.

2019 జూలై 10న ఉద్యోగ వీసాల్లో దేశ పరిమితిని ఎత్తివేసే బిల్లు ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ మరో రూపంలో దాన్ని ఆమోదించింది. రెండు రూపాలను కలిపే పని పూర్తికాక అది మురిగిపోయింది. 2022 డిసెంబరులో అలాంటిదే మరో బిల్లు ఓటింగుకు రాకముందే వెనక్కి పోయింది. వ్యతిరేకించినవారందరినీ భారతీయుల పట్ల ద్వేషం ఉన్నవారిగా చిత్రించడం న్యాయం కాదు. మొత్తం వీసాల సంఖ్యను పెంచకుండా దేశ పరిమితిని మాత్రమే తీసేస్తే, మన నిరీక్షణ కొంత తగ్గి ఇతర దేశాల నర్సులు, డాక్టర్లు, ఇంజనీర్ల నిరీక్షణ పెరుగుతుంది. మన కుటుంబాలు కలవడానికి మరో దేశపు కుటుంబాలు ఆగాలన్నట్టుగా డిమాండు ఉన్నంతకాలం, దానికి ఎదురు నిలిచేవారు ఉండనే ఉంటారు.

అంతకుముందు 2013 జూన్‌లో సెనేట్ 68-32 ఓట్లతో ఆమోదించిన సమగ్ర సంస్కరణ బిల్లు ఇంకా లోతుగా చూడదగ్గది. ఉద్యోగుల భార్యాబిడ్డలను కోటా నుంచి మినహాయించడం, ఉద్యోగ వీసాలకు దేశ పరిమితి ఎత్తివేయడం, గ్రీన్‌కార్డుదారుల భార్యాబిడ్డలకు కోటా లేకుండా చేయడం అందులో ఉన్నాయి. బదులుగా తోబుట్టువుల తరగతిని పూర్తిగా రద్దు చేయాలన్నారు. ప్రతినిధుల సభ ఆ బిల్లును చేపట్టనే లేదు. అది చట్టమై ఉంటే, ప్రొద్దుటూరులోని ఒకే ఇంట్లో పెద్దకొడుక్కి గ్రీన్‌కార్డు త్వరగా వచ్చి, అతను చెల్లెలిని పిలిపించుకునే దారి మాత్రం శాశ్వతంగా మూసుకుపోయేది. సంస్కరణ అనే మాటకు చప్పట్లు కొట్టే ముందు, అందులో కుటుంబం అంటే ఎవరెవరని రాశారో చదవాలనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఈ అనుభవాల తరవాత ముందుగా అడగవలసింది ఏది? నా దృష్టిలో పిల్లల వయసు. తల్లిదండ్రులు దరఖాస్తు చేసిన తేదీనాటి వయసునే బిడ్డ వయసుగా స్థిరపరచాలన్న డిమాండుకు మొత్తం వీసాల సంఖ్యను పెంచనక్కర్లేదు. 2021 నుంచి పలుమార్లు రెండు పార్టీల సభ్యులూ కలిసి ప్రవేశపెట్టిన అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ సారాంశంలో ఇది ఒక భాగం. ఇలా వీసాలపై పెరిగిన పిల్లలే ఇంప్రూవ్ ది డ్రీమ్ అనే సంస్థగా ఏర్పడి, తమవంటివారు రెండు లక్షలకు పైగా ఉన్నారని చెబుతూ సభ్యులను కలుస్తున్నారు. దాని తరవాతిది వృథా అయిన వీసాలను తిరిగి వాడుకోవడం. 2021 ఆర్థిక సంవత్సరంలో కరోనా కాలపు కుటుంబ కోటా మిగిలి ఉద్యోగ కోటాలోకి వచ్చినా, ప్రభుత్వం సకాలంలో పని పూర్తిచేయలేక 66,000కు పైగా వీసాలు మురిగిపోయాయి. ఇలా పోయినవాటిని తిరిగి తెచ్చిన చట్టాలు 2000లోనూ, 2005లోనూ వచ్చాయి కనుక ఇది కొత్త కోరికేమీ కాదు. భార్యాబిడ్డలను లెక్క నుంచి తీసేయడం, ఆ పైన దేశ పరిమితి, ఈ క్రమంలో అడిగితే తోడు వచ్చేవారు పెరుగుతారు. తానా, ఆటా, నాటా వంటి అమెరికా తెలుగు సంఘాల మహాసభలకు అమెరికా ప్రజాప్రతినిధులు అతిథులుగా వస్తుంటారు. ఆ వేదికపై ఇరవయ్యేళ్ల అమ్మాయికి పది నిమిషాలు మైకు ఇస్తే, అది ఏ సన్మానానికీ తీసిపోదు.

కువైట్: లెక్కలోనే లేని కుటుంబం

అమెరికాలో కుటుంబాన్ని తప్పుగా లెక్కిస్తున్నారు, కువైట్‌లో అసలు లెక్కలోకే తీసుకోరు. అక్కడ నివాస అనుమతిని, మనవాళ్లు అకామా అనేదాన్ని, ఆర్టికల్ నంబర్లతో గుర్తిస్తారు. ప్రైవేటు కంపెనీ ఉద్యోగులది 18, ఇంటిపనివారిది 20, కుటుంబ సభ్యులది 22. ఈ 22వ నంబరు అకామాపై భార్యాబిడ్డలను తెచ్చుకోవాలంటే జీతం పరిమితి ఉంటుంది. 2024 జనవరిలో కుటుంబ వీసాలను తిరిగి ప్రారంభించినప్పుడు కనీస జీతాన్ని 800 దినార్లుగా పెట్టారు. మన డబ్బులో రెండు లక్షల రూపాయలకు పైమాటే. ఇంటిపనివారికి 2016లో కువైట్ నిర్ణయించిన కనీస వేతనం 60 దినార్లు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే చాలు, రాజంపేట నుంచి వెళ్లిన డ్రైవరు, రాయచోటి నుంచి వెళ్లిన ఖద్దామా, అంటే ఇంటిపని మనిషి, తమ జీవితంలో ఎన్నటికీ కుటుంబాన్ని అక్కడికి తీసుకెళ్లలేరని తెలుస్తుంది. పదవీ విరమణ దాకా పనిచేసినా అక్కడ శాశ్వత నివాసం గానీ, పౌరసత్వం గానీ వచ్చే మార్గం లేదు.

కాబట్టి కువైట్ విషయంలో కుటుంబాన్ని కలిపి ఉంచడం అంటే అర్థం వేరు. తల్లి ఇంటికి రాగలగడం, రావాలనుకున్నప్పుడు రాగలగడం, బిడ్డతో మాట్లాడగలగడం, ఇవే అక్కడి కుటుంబ హక్కులు. 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి నెల రోజుల జీతంతో కూడిన సెలవు, పని గంటలకు పరిమితి కల్పించింది. పనిమనిషి సమ్మతి లేకుండా యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని కూడా అందులో ఉంది. కానీ తలుపు వేసిన ఇంట్లో ఒంటరిగా, భాష రాకుండా, అకామా మొత్తం కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, చేతిలో ఉన్న మనిషి సమ్మతికి విలువెంత? యజమాని ఇల్లు వదిలి బయటపడితే పరారీ కేసు పెడతారు. అకామా పోతుంది. ఆ రోజు నుంచి ఆమె మనవాళ్ల మాటల్లో ఖల్లివల్లి, అంటే కాగితాలు లేని మనిషి. పట్టుబడతానన్న భయంతో ఎయిర్‌పోర్టు వైపు కూడా పోలేదు. కువైట్ ప్రభుత్వం 2018, 2020, 2024లో క్షమాభిక్ష ప్రకటించినప్పుడు రాయబార కార్యాలయం ముందు ఔట్‌పాస్ (స్వదేశానికి వెళ్లడానికి ఇచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రం) కోసం బారులు తీరినవారిలో, బిడ్డ పెళ్లికీ తల్లి చావుకూ రాలేక ఏళ్లతరబడి ఆగిపోయిన మనవాళ్లున్నారు.

రాజంపేట, కోడూరు పల్లెల్లో కువైట్ కార్గో పెట్టె వచ్చిన ఇంటిని గుర్తుపట్టడం కష్టం కాదు. గట్టిగా చుట్టిన తాళ్లు కోసి విప్పితే మందపాటి దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, సబ్బులు, బాదంపప్పు, పిల్లలకు బట్టలు బయటపడతాయి. ఆ బట్టలు తరచుగా ఒక కొలత పొట్టిగా ఉంటాయి. తల్లి మనసులో ఉన్న కొలత తాను బయలుదేరిన నాటిది.

ఈ మొత్తంలో మన దేశ చట్టం పాత్ర తక్కువేమీ కాదు, పైగా మన ఓటుతో మార్చగలిగింది అదే. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద పదో తరగతి పాసుకానివారు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే వలస అనుమతి తీసుకోవాలి. 30 ఏళ్లలోపు మహిళలకు ఇంటిపని కోసం ఆ అనుమతి ఇవ్వరు. 30 దాటినవారిని కూడా ఓంకాప్ వంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2016లో నియమం పెట్టారు. మహిళల రక్షణ కోసమే పెట్టిన నియమాలివి, ఆ ఉద్దేశాన్ని శంకించను. కానీ భర్త చనిపోయి ఇద్దరు బిడ్డలతో మిగిలిన 26 ఏళ్ల మనిషికి ఇక్కడ జీవనాధారం చూపకుండా సక్రమమైన దారి మూసేస్తే, ఆమె ఏజెంటు చూపించే దొంగదారినే వెళ్తుంది. విజిట్ వీసా మీదో, వయసు మార్చిన కాగితాల మీదో, మరో దేశం మీదుగానో చేరుతుంది. అలా చేరిన క్షణం నుంచి ఆమె మన ప్రభుత్వ రికార్డుల్లో లేదు. అనుమతితో వెళ్లేవారికి తప్పనిసరిగా ఉండే ప్రవాసీ భారతీయ బీమా, ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇచ్చేది, ఆమెకు లేదు. ఆమె ఏ ఇంట్లో ఉందో రాయబార కార్యాలయానికి తెలియదు. రక్షణ పేరుతో పెట్టిన నియమమే ఆమెను రక్షణకు అందకుండా చేసింది.

2021 జూన్‌లో ఇంటిపనివారి విషయమై భారత్, కువైట్ ఒక ఒప్పందంపై సంతకాలు చేశాయి. యజమానికీ పనిమనిషికీ మధ్య ఒప్పంద పత్రం, ఇరవైనాలుగు గంటల సహాయం, ఉమ్మడి కమిటీ అందులో ఉన్నాయి. ఆ కమిటీ ముందు పెట్టవలసిన కుటుంబ అంశాలు చాలా స్పష్టమైనవి. రెండేళ్లకోసారి స్వదేశానికి వచ్చి పోయే సెలవును, టికెట్టు ఖర్చుతో సహా, యజమాని నిరాకరించలేని హక్కుగా రాయాలి. తల్లిదండ్రులు, భర్త, బిడ్డల్లో ఎవరైనా చనిపోయినప్పుడు అత్యవసర ప్రయాణానికి కఫీల్ సంతకంతో నిమిత్తం లేకుండా రాయబార కార్యాలయమే ఏర్పాటు చేయగలగాలి. రోజూ కొంతసేపు ఇంటికి ఫోన్ చేసుకునే వీలు ఒప్పంద పత్రంలోనే ఉండాలి. పెద్ద సంస్కరణల పక్కన ఇవి చిన్నవిగా కనిపించవచ్చు, తల్లి గొంతు వినకుండా నెలలు గడిపే పిల్లలకు ఇవి చిన్నవి కావు.

పాత ఎమిగ్రేషన్ చట్టం స్థానంలో కొత్తది తేవడానికి 2021లో ఒక ముసాయిదా, 2025లో ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు పేరుతో మరో ముసాయిదా కేంద్ర విదేశాంగ శాఖ ప్రజల ముందు ఉంచింది. ఇలాంటి ముసాయిదాలపై అభిప్రాయాలు పంపేది ఎక్కువగా రిక్రూటింగ్ ఏజెన్సీలు, ఢిల్లీలోని పరిశోధనా సంస్థలే. పుల్లంపేట నుంచో, సంబేపల్లె నుంచో ఒక పంచాయతీ తీర్మానం వెళ్లడం అరుదు. వెళ్లవలసిన తీర్మానంలో మూడు మాటలు చాలు. 30 ఏళ్ల నిబంధనను తీసివేసి, దాని బదులు ప్రతి మహిళకూ వెళ్లేముందు జిల్లా కేంద్రంలోనే నమోదు, శిక్షణ, బీమా తప్పనిసరి చేయాలి. విజిట్ వీసాపై వెళ్లి చిక్కుకున్నవారు తిరిగి రావడానికి నమోదు లేకపోవడం అడ్డం కాకూడదు. తల్లి విదేశంలో ఉన్న పిల్లల వివరాలు మండలం వారీగా సేకరించి, వారి చదువుకూ వసతికీ రాష్ట్రం బాధ్యత తీసుకోవాలి. బిల్లు పార్లమెంటుకు వచ్చేలోపు కడప, రాజంపేట ఎంపీల చేతికి ఈ కాగితం అందాలి, దాని కింద కువైట్ నుంచి తిరిగివచ్చిన ఆడవాళ్ల సంతకాలు ముందుండాలి.